కారు స్టీరియోలో బాస్ శబ్దం వస్తూ పోతూ ఉంటే బాధ్యత ఎవరిది: షాపుదా, కంపెనీదా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. ఏడు నెలల కింద రాణీగంజ్‌లోని ఒక కార్ యాక్సెసరీస్ షాపులో సబ్‌వూఫర్ (బాస్ శబ్దమిచ్చే స్పీకర్), దాన్ని నడిపే ఆంప్లిఫయర్ (ఆంప్) కొని అక్కడే బిగించుకున్నాను. ఫిట్టింగ్‌తో కలిపి 34,500 రూపాయలు ఫోన్‌పేలో కట్టాను. రెండో నెల నుంచే సమస్య మొదలైంది. పావుగంట బాగా మోగి, ఉన్నట్టుండి బాస్ పడిపోతుంది. ఒక్కోసారి బండి గుంతలో పడగానే మళ్లీ వస్తుంది. షాపుకు తీసుకెళ్తే అక్కడ నిక్షేపంగా మోగుతుంది. షాపతను కంపెనీని అడగమంటాడు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లేమో ఫిట్టింగ్ సరిగా లేదు, వారంటీ వర్తించదు అంటున్నారు. నా దగ్గర ఉన్నది ఒక తెల్ల చీటీ. దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని స్టాంపు ఉంది. కేసు వేయవచ్చా? ఇంత చిన్న మొత్తానికి కోర్టులెందుకని మా బావగారు వద్దంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేయవచ్చు. కానీ ఇవాళే వేయకండి. మీ దగ్గర కోపానికి కారణం ఉంది, రుజువుకు కాగితం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లగానే పంటి నొప్పి తగ్గినట్టు, ఇలా వచ్చిపోయే లోపం షాపు ముందు కనిపించదు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ‘మేం చూసినప్పుడు బాగానే ఉంది’ అని వాళ్లు ఒక్క మాట అంటే మీ దగ్గర బదులుండాలి.

ముందు లోపం ఎక్కడుందో తేలాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సరుకులో లోపం వేరు, సేవలో లోపం వేరు. సెక్షన్ 2(10) మొదటిదాని గురించి, 2(11) రెండోదాని గురించి చెబుతాయి. ఆంప్లిఫయర్ లోపలి బోర్డు పాడైతే అది సరుకు లోపం, దానికి కంపెనీ, అమ్మిన షాపు జవాబు చెప్పాలి. వైరు వదులుగా బిగిస్తే అది సేవాలోపం, పూర్తిగా షాపుదే. ఇప్పుడు వాళ్లిద్దరూ మిమ్మల్ని బంతాట ఆడుతున్నది ఈ సందు చూసుకునే.

మీరు రాసిన రెండు గుర్తులు ఇక్కడ పనికొస్తాయి. నేను ఎలక్ట్రీషియన్‌ను కాను గానీ, ఇలాంటి తగాదాల్లో నిపుణులు చెప్పేది ఇదీ. గుంతలో పడగానే బాస్ తిరిగొచ్చిందంటే ఎక్కడో వైరు సరిగా ఆనడం లేదని మొదటి అనుమానం. డిక్కీలో ఎర్త్ వైరును బాడీకి బిగించేటప్పుడు పెయింట్ గీకకపోతే పట్టు సరిగా దొరకదు. స్టీరియో నుంచి ఆంప్‌కు వచ్చే ఆర్‌సీఏ వైరు గానీ, ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు గానీ వదులైనా ఇంతే. ఇవన్నీ ఫిట్టింగ్ ఖాతాలోవి. అయితే సబ్‌వూఫర్ కోన్‌కు అంటిన సన్నని అల్లిక వైరు లోపల తెగీతెగకుండా ఉన్నా కుదుపుకు సౌండ్ వచ్చిపోతుంది. అది సరుకు లోపం. కాబట్టి గుంతను నమ్ముకుని షాపు మీదికి వెళ్లకండి.

పావుగంట తర్వాత పడిపోవడం వేడిని సూచిస్తుంది. ఆంప్‌కు గాలి ఆడకుండా సీటు కిందో కార్పెట్ కిందో పెట్టినా, అది భరించే ఓమ్స్ (విద్యుత్ నిరోధం కొలత) కంటే తక్కువ వచ్చేలా స్పీకర్ కాయిళ్లు కలిపినా, వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఉదాహరణకు 4 ఓమ్స్ కాయిళ్లు రెండు పారలల్‌గా కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు చానెళ్లను కలిపి ఒకటిగా వాడినప్పుడు, 4 ఓమ్స్‌కు మాత్రమే సరిపడే ఆంప్‌కు అది భారం. ఇదీ ఫిట్టింగ్ తప్పే. కలపడం సరిగ్గా ఉండి, గాలీ ఆడుతూ, అయినా కాస్తసేపటికే ఆగితే అప్పుడు ఆంప్‌నే అనుమానించాలి. ఇంకోటి: వాల్యూమ్ పెంచిన కొద్దీ బాస్‌ను తానే తగ్గించేలా తయారై కారుతోపాటే వచ్చే స్టీరియోలు చాలా ఉన్నాయి. మీది అలాంటిదైతే, బాస్ తగ్గేది వాల్యూమ్ పెంచినప్పుడేనా అని ముందు మీరే చూసుకోండి. అలాగైతే కేసు మొదలవకుండానే ఆగిపోతుంది.

ఇదంతా కాగితం మీదికి రావాలి. ఈ గొడవతో సంబంధం లేని మంచి కార్ ఆడియో మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆంప్ మూత విప్పనివ్వకండి, సీలు పోయిందంటే కంపెనీకి మీరే సాకు ఇచ్చినట్టు. బయటి నుంచే కొలవమనండి. ఇంజిన్ ఆన్‌లో ఆంప్ టెర్మినళ్ల దగ్గర మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. బాస్ పడిన క్షణంలో ఎంత ఉంది? ఆంప్ తనను కాపాడుకోవడానికి ఆగినట్టు చూపే ప్రొటెక్ట్ లైటు వెలిగిందా? అదే ఆంప్‌కు వేరే స్పీకర్ తగిలిస్తే ఏమైంది? ఇవి ఆయన లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకంతో రాసివ్వాలి. మీరూ ఫోన్‌లో వీడియో తీయండి, డ్యాష్‌బోర్డు గడియారం కనిపించేలా. రాత్రి 10 దాటాక కాలనీలో మాత్రం తీయకండి, శబ్ద కాలుష్యం మీద ఇంకో గొడవ నెత్తిన పడుతుంది.

వెంటనే షాపుకూ కంపెనీకీ ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రెండూ పంపండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. ‘నో ప్రాబ్లం ఫౌండ్’ అని రాస్తే సంతకం పెట్టే ముందు ‘లోపం కొనసాగుతోంది’ అని చేర్చండి. ఏడాది వారంటీ అయితే ఇంకా ఐదు నెలలుంది. ఫిర్యాదు అందులోపే రాతలో ఉంటే, రిపేర్లు సాగుతుండగా గడువు దాటిందన్న వాదన నిలబడదు.

తెల్ల చీటీకి భయపడకండి. బిల్లు ఇవ్వకపోవడమే సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఆ స్టాంపు సంగతీ అంతే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. మీ మొదటి ఫిర్యాదు రెండో నెలలోది గనుక ఆ 30 రోజుల వాదన మీకు గట్టిగా ఉండదు. లోపం, సేవాలోపం మీదే బరువు వేయండి. కొన్నారనడానికి ఫోన్‌పే లావాదేవీ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.

షాపు, కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే ఆ ఒక్కరూ వేలు పెట్టి లేనివారిని చూపిస్తారు. ఫిర్యాదును ‘ప్రోడక్ట్ లయబిలిటీ’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) పేరుతో మాత్రం వేయవద్దు. ఆ అధ్యాయంలోని ‘హాని’ నిర్వచనంలో ఆ వస్తువుకే జరిగిన నష్టం రాదు.

మీ బావగారి అనుమానానికి జవాబు: సరుకుకు చెల్లించింది 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. లాయర్ తప్పనిసరి కాదు. నా వంటి వాళ్ల ఫీజు ఇందులో మీకు గిట్టుబాటు కాకపోవచ్చు కూడా. జిల్లా కమిషన్‌లో, మీరు నివసించే చోటనే, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగివస్తాయి. రాకపోతే సెక్షన్ 69 ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీ గడువు లోపం కనిపించిన రెండో నెల నుంచే నడుస్తోందనుకుని లెక్కపెట్టుకోండి.

లోపం పరీక్షిస్తే గానీ తేలదనుకుంటే కమిషన్ సెక్షన్ 38 కింద వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది, రుసుము మీరు ముందు కట్టాలి. ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, వాయిదాలు అంత మర్యాదగా నడవవు. కోరిక సాదాగా రాయండి: లోపం సరిచేయాలి లేదా కొత్తది ఇవ్వాలి, కుదరకపోతే 34,500 వడ్డీతో వాపసు, కొంత పరిహారం, ఖర్చులు; ఇద్దరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. లక్షల్లో పరిహారం అడిగితే నమ్మకం తగ్గుతుంది. పరీక్ష అయ్యేదాకా సెట్టు కదపకండి, వైరు కూడా మార్పించకండి.