ఈ మధ్య చూసిన సినిమాల్లో మీకు బాగా నచ్చింది ఏది, ఎందుకు?

‘కోర్ట్’. ప్రియదర్శి బాగా చేశాడు, సాయికుమార్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ సినిమాను నిలబెట్టింది మంగపతిగా వేసిన శివాజీ. నన్నడిగితే ఇప్పుడు తెలుగు సినిమా ఆడేది హీరో వల్ల కాదు, ఇంటి పెద్ద పాత్రను సరిగ్గా రాస్తే ఆడుతుంది.

2025 మార్చిలో రిలీజైన కొత్తలోనే మా పెద్దమ్మను తీసుకెళ్లాను. టికెట్ మీద వేసిన టైముకి వెళితే ముందు గుట్కా ప్రకటన, తర్వాత బంగారం కొట్లు, మళ్లీ గుట్కా. డబ్బిచ్చి మరీ ఇవన్నీ చూడాలి! సరే, కథ 2013 నాటి విశాఖలో. పందొమ్మిదేళ్ల కుర్రాడు, పదిహేడేళ్ల అమ్మాయి ప్రేమించుకుంటే, పరువు పోయిందని అమ్మాయి ఇంటి పెద్ద మంగపతి ఆ కుర్రాణ్ణి పోక్సో (మైనర్లపై లైంగిక నేరాల చట్టం) కేసులో ఇరికిస్తాడు. మంగపతి తెర మీదికి రాగానే పెద్దమ్మ నా చెయ్యి గిల్లి, “ఒరేయ్, అచ్చం మా పెద్దబావగారేరా!” అంది, ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగేంత గట్టిగా.

ఇంటర్వెల్‌లో సమోసా చేతిలో పెడితే తినకుండా చెప్పడం మొదలెట్టింది. టెన్త్ పాసై కాలేజీలో చేరతానంటే, ఆ బావగారు అప్లికేషన్ అడిగి తీసుకుని, మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడట. తిట్టలేదు, అరవలేదు. ఆ కాగితం మళ్లీ బయటికి రాలేదు. సెకండాఫ్‌లో మంగపతి నోరు తెరిచినప్పుడల్లా పెద్దమ్మ శాపనార్థాలే.

తర్వాత ఇంట్లో ‘90స్’ సిరీస్ పెట్టాను. అందులో లెక్కల మాస్టారూ శివాజీయే అంటే ఒప్పుకుంటేనా! “ఆ మాయదారి సచ్చినోడు ఇతనెందుకవుతాడు, ఊరుకో” అంది.

‘లిటిల్ హార్ట్స్’కి వెళ్లినవాళ్లంతా హీరో మౌళి కామెడీ గురించే మాట్లాడతారు. కొడుక్కి ఎంసెట్ కోచింగ్ తప్పదనే తండ్రిగా రాజీవ్ కనకాల లేకపోతే ఆ కామెడీ ఎక్కడ పండేది? ‘బలగం’లో ఇంటి పెద్ద కొమురయ్య కాసేపటికే పోతాడు. అయినా కాకి పిండం ముట్టదేమని చివరిదాకా మనకూ టెన్షనే.

మన పెద్ద సినిమాల్లో తండ్రి అంటే దండేసిన ఫొటో. హీరోకి పగ పుట్టాలి కాబట్టి ఫ్లాష్‌బ్యాక్‌లో చంపేస్తారు. మంచి నటుణ్ణి పిలిచి, రెండు రోజుల షూటింగ్ చేసి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు. దానికోసం అంత నటుడెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.