మోకాళ్ల నొప్పికి లేబుల్ లేని పొడి: ఇప్పుడేం చేయాలి?

నమస్తే అండీ. చెన్నై మాంబళంలో మూలికల మందని కొన్న పొడితో మీ అమ్మగారి మోకాళ్ల నొప్పి రెండ్రోజుల్లో తగ్గిందనీ, నాలుగు నెలలయ్యాక ముఖం ఉబ్బి షుగర్ పెరిగిందనీ రాశారు. ఉట్టి మూలికలు అంత వేగంగా పనిచేయడం అరుదు. స్టెరాయిడ్ కలిపారని నా గట్టి అనుమానం.

అందుకే మీ అంతట మీరు దాన్ని హఠాత్తుగా ఆపేయకండి. స్టెరాయిడ్ వాడేకొద్దీ ఒంట్లో సొంత కార్టిసాల్ (శరీరానికి అవసరమైన ఒక హార్మోన్) తయారీ మందగిస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇవాళే పొట్లంతో సహా ఫిజీషియన్‌కి చూపించండి. ఉదయం కార్టిసాల్ పరీక్ష చేయించి ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. వాంతులు, కళ్లు తిరగడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. ఇలాంటి పొడుల్లో సీసం కలిసి ఉండొచ్చు కాబట్టి, రక్తంలో సీసం కూడా చూడమనండి.

మిగిలిన పొడి పారేయొద్దు, అదే సాక్ష్యం. తాంబరం శానటోరియంలోని జాతీయ సిద్ధ (తమిళ సంప్రదాయ వైద్యం) సంస్థలో దుష్ప్రభావం నమోదు చేయించండి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ లేని పొట్లం ఇంకెప్పుడూ కొనకండి.