రిఫరీ నిలబడ్డ చోటు నుంచి చూడు

చిరంజీవి నాన్నా,

నువ్వు ఫుట్‌బాల్ రిఫరీల పనితీరును తూచే అసెసర్ శిక్షణలో చేరావని మీ నాన్న చెప్పినప్పుడే సంతోషించాను. టీవీలో మ్యాచ్‌లు చూసి నువ్వు రాసి పంపిన మదింపు నివేదికలు శ్రద్ధగా చదివాను. ఏ నిమిషంలో ఏం జరిగిందో వదలకుండా పట్టుకున్నావు. కానీ ప్రతిచోటా లెక్క గోల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచావు. గోల్ పడింది కాబట్టి అంతకు ముందు రిఫరీ వదిలేసిన చిన్న తోపు నీకు పెద్ద తప్పుగా కనిపించింది. ఆ బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయి ఉంటే దాని గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాసేవాడివి కాదు. నిర్ణయం తీసుకునే క్షణంలో గోల్ పడుతుందని రిఫరీకి తెలియదు. తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనం, తెలియని మనిషిని తూచుతున్నాం. ఆ తెలిసినదాన్ని ముందుగా పక్కన పెట్టడమే మన పనిలో సగం.

ప్రతి సంఘటనకూ నీ పుస్తకంలో మొదట రాయవలసింది తప్పా ఒప్పా అన్నది కాదు. ఆ క్షణంలో రిఫరీ ఎక్కడున్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు, ఏ కోణం నుంచి చూశాడు, మధ్యలో ఎవరైనా అడ్డం ఉన్నారా? ఇవి రాయి. దూరం కన్నా కోణం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పది మీటర్ల దగ్గరే ఉన్నా ఆటగాడి వీపు తప్ప ఏమీ కనిపించని రిఫరీ కన్నా, పాతిక మీటర్ల నుంచి ఇద్దరి కాళ్ల మధ్య ఖాళీ కనిపించే రిఫరీ మేలు.

2010 వరల్డ్ కప్ ఫైనల్ వీడియో సంపాదించి చూడు. జొహానెస్‌బర్గ్‌లో నెదర్లాండ్స్, స్పెయిన్ తలపడ్డాయి. మొదటి సగంలో నెదర్లాండ్స్ ఆటగాడు నైజెల్ డి యోంగ్ కాలెత్తి బూటు అడుగుతో స్పెయిన్ ఆటగాడు జాబి అలోన్సో రొమ్ము మీద తన్నాడు. ఇంగ్లండ్ రిఫరీ హోవర్డ్ వెబ్ పసుపు కార్డుతో సరిపెట్టాడు. తన చూపుకు అడ్డం పడిందనీ, అది రెడ్ కార్డు కావలసిందనీ వెబ్ తర్వాత బాహాటంగానే చెప్పాడు. ఇప్పుడు నువ్వు 'రెడ్ ఇవ్వలేదు, తప్పు' అని రాసి ఊరుకుంటే ఆ నివేదిక వల్ల ఏ రిఫరీకీ మేలు జరగదు. గాలిలో ఉన్న బంతి కోసం ఇద్దరు ఎదురెదురుగా వస్తున్నారని తెలిసినప్పుడు రెండడుగులు పక్కకు జరిగి ఉంటే కనిపించేదా? మిగతా అధికారుల్లో ఎవరికైనా బాగా కనిపించిందా? కనిపిస్తే చెవిలో చెప్పారా? రేపు మైదానంలోకి దిగే మనిషికి ఈ ప్రశ్నలకు జవాబులే పనికొస్తాయి.

అదే టోర్నీలో బ్లూమ్‌ఫాంటైన్‌లో జరిగిన ఇంగ్లండ్, జర్మనీ మ్యాచ్‌ను దీని పక్కన పెట్టు. ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి, గోల్ గీతకు బాగా లోపల పడి, ఎగిరి బయటికి వచ్చింది. ఉరుగ్వే రిఫరీ హోర్హే లారియోండా గోల్ ఇవ్వలేదు. ప్రపంచమంతా ఆయనను, పక్క గీత మీద జెండా పట్టుకునే ఆయన అసిస్టెంట్‌ను దుమ్మెత్తిపోసింది. కానీ ఆలోచించు. అసిస్టెంట్ ఆఫ్‌సైడ్, అంటే దాడి చేసేవాడు డిఫెండర్లను దాటి ముందే గోల్ వైపు ఉన్నాడా అన్నది, చూడాలంటే చివరి డిఫెండర్ వరుసలోనే ఉండాలి. దూరం నుంచి కొట్టిన బంతితో సమానంగా గోల్ గీత దాకా ఏ మనిషీ పరిగెత్తలేడు. అక్కడ నిర్ణయం ఘోరంగా తప్పింది, కానీ పనితీరులో లోపం చాలా తక్కువ. అందుకే మందు కూడా శిక్షణలో దొరకలేదు. 2012లో బంతి గోల్ గీత దాటిందో లేదో చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది, 2014 వరల్డ్ కప్‌లో అది వాడుకలోకి వచ్చింది. నిర్ణయానికి ఒక గడి, పనితీరుకు వేరే గడి పెట్టుకో. నలభై మీటర్ల వెనక మిగిలిపోయి ఊహ మీద ఈల వేసి, అది సరైనదని తేలిన రిఫరీకి మొదటి గడిలో మార్కు ఇవ్వు, రెండో గడిలో కోత పెట్టు. ఈ రెండోది చేయడానికి చాలామందికి చేతులు రావు. అసెసర్‌కు రావాలి.

తర్వాత చట్టం. మొత్తం పదిహేడు నియమాలున్నా నీ సమయమంతా ఫౌళ్లు, కార్డుల గురించి చెప్పే పన్నెండో నియమం తినేస్తుంది. ట్యాకిల్‌లో, అంటే బంతి లాక్కోవడానికి ఎదుటివాడి మీదికి దిగడంలో, అజాగ్రత్త మాత్రమే ఉంటే ఫౌల్, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి జరగబోయే ప్రమాదాన్ని లెక్కచేయకుండా దిగితే పసుపు. బలం మితిమీరి ఎదుటివాడి శరీరానికి అపాయం తెస్తే ఎరుపు. నివేదికలో 'గట్టి ట్యాకిల్' అని రాశావు. చట్టంలో అలాంటి మెట్టు లేదు. ఏ మెట్టో చెప్పు, ఎందుకో చెప్పు: పాదం ఎంత ఎత్తున తగిలింది, కాలు నిటారుగా ఉందా మడిచి ఉందా, ఎంత వేగంతో వచ్చాడు, బంతి అందే దూరంలో ఉందా. అలాగే స్పష్టమైన గోల్ అవకాశాన్ని అడ్డుకున్నాడని అనాలంటే నాలుగు విషయాలు చూడాలి. గోల్‌కు దూరం, ఆట సాగుతున్న దిశ, బంతి అతడి అదుపులోకి వచ్చే అవకాశం, డిఫెండర్లు ఎందరు, ఎక్కడ ఉన్నారు. ఇందులో ఒక్కటి చూసి తీర్పు చెప్పేయడం టీవీ వ్యాఖ్యాతలకు అలవాటు. నీకు వద్దు. 2016లో మారిన సంగతి కూడా మరిచిపోకు. పెనాల్టీ ఏరియాలో బంతి కోసం నిజంగా ప్రయత్నించి ఫౌల్ చేసినవాడికి పెనాల్టీతో పాటు పసుపు కార్డే, ఎరుపు కాదు.

స్లో మోషన్‌ను నమ్మేముందు జాగ్రత్త. వేగం తగ్గించి చూస్తే ప్రతి ట్యాకిల్‌లోనూ కావాలని చేసినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆటగాడికి లేని తీరిక మనకు కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన రిఫరీలకే ఒకే ఫౌల్‌ను రెండు వేగాల్లో చూపించి పరీక్షిస్తే, నెమ్మదిగా చూసినప్పుడు ఎక్కువ కఠినమైన కార్డు వైపు మొగ్గారని పరిశోధకులు గమనించారు. కనుక మొదట అసలు వేగంలో ఒక్కసారే చూసి నీ తీర్పు కాగితం మీద పెట్టు. ఆ తర్వాత నెమ్మదిగా చూడు, అదీ ఎక్కడ తగిలింది, ముందు బంతి తగిలిందా కాలు తగిలిందా తెలుసుకోవడానికి మాత్రమే. ఎంత గట్టిగా తగిలిందో తేల్చడానికి మళ్లీ అసలు వేగానికే రావాలి.

శబ్దం కూడా కట్టేసి చూడు. 2002లో ప్రచురితమైన ఒక ఇంగ్లండు అధ్యయనంలో నలభై మంది రిఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 సంఘటనలు చూపించారు, కొందరికి ప్రేక్షకుల కేకలతో, కొందరికి నిశ్శబ్దంగా. కేకలు విన్నవారు సొంత మైదానపు జట్టుకు వ్యతిరేకంగా 15 శాతానికి పైగా తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. స్పెయిన్ లీగ్‌లో సొంత జట్టు ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు అదనపు నిమిషాలు ఎక్కువ కలిపారని ఇంకొక అధ్యయనం తేల్చింది. వీళ్లెవరూ అమ్ముడుపోయినవారు కారు. వేలమంది అరుపు మనిషి తీర్పులోకి తెలియకుండానే దూరుతుంది. రిఫరీలోకి దూరినది సోఫాలో కూర్చున్న నీలోకీ దూరుతుంది. అందులోనూ నీకు ఒక జట్టంటే ఇష్టముంటే ఆ జట్టు మ్యాచ్‌ను మదింపుకు తీసుకోకు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఇక ఈల వేయని సందర్భాలు. కొత్త అసెసర్లందరూ వేసిన ఈలలు లెక్కపెడతారు, వేయనివి వదిలేస్తారు. మంచి రిఫరీ గొప్పతనం సగం అక్కడే ఉంటుంది. మొదటి పావుగంటలో ఎంత తోపును అనుమతించాడో రాసుకో. అదే తోపును ఎనభయ్యో నిమిషంలో, పెనాల్టీ ఏరియా అంచున, అవతలి జట్టు చేసినప్పుడు ఏం చేశాడో పోల్చు. ఆటగాళ్లు కఠినమైన రిఫరీతోనైనా సర్దుకుంటారు, ఉదారంగా వదిలేసే రిఫరీతోనైనా సర్దుకుంటారు. మ్యాచ్ మధ్యలో కొలత మారిస్తే మాత్రం మైదానం చేయి దాటిపోతుంది. 2022 వరల్డ్ కప్ ఫైనల్‌లో పోలండ్ రిఫరీ షిమాన్ మార్చినియాక్‌ను చూడు. ఆ ఒత్తిడిలో పెనాల్టీలు, నాటకమాడి పడిపోయిన ఆటగాడికి పసుపు కార్డు, అన్నీ తొణకకుండా తేల్చాడు. అయినా ఒకచోట అర్జెంటీనా ఆటగాడు అకూనా ఫౌల్ చేశాక ఫ్రాన్స్ ఎదురుదాడిని ఆపేశాననీ, అక్కడ అడ్వాంటేజ్ ఇచ్చి ఈల వేయకుండా ఆట సాగనివ్వవలసిందనీ తర్వాత తానే చెప్పాడు. ఆ మ్యాచ్‌కు నివేదిక రాస్తే ఆ తప్పు అందులో ఉండాలి, కానీ మొత్తం పనిని అది మింగేయకూడదు. యూరప్ పరిశీలకుల పత్రాల్లో పదికి 8.3, 8.4 అంటే ఆశించినంత బాగా చేశాడని అర్థం. మిగతా ఆటంతా బాగున్నా ముఖ్యమైన తప్పు ఒక్కటి స్పష్టంగా జరిగితే మార్కు 7.9కి పడిపోతుంది. దాని పక్కనే మ్యాచ్ ఎంత కష్టమైనదో రాసే గడి ఉంటుంది. ఆ గడిని బద్ధకంగా నింపకు.

వీఏఆర్, అంటే గదిలో వీడియో చూసి మైదానంలోని రిఫరీకి సాయపడే ఏర్పాటు, వచ్చాక పని ఇంకా చిక్కుపడింది. గోల్, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు. ఈ నాలుగింటి కోసం, అదీ స్పష్టమైన తప్పు జరిగినప్పుడే కలగజేసుకోవాలన్నది దాన్ని తెచ్చినప్పటి పునాది. కనుక 'వీఏఆర్ మార్చలేదు కాబట్టి మైదానంలో ఇచ్చింది సరైనదే' అన్న నీ వాక్యం నిలబడదు. మార్చలేదంటే స్పష్టమైన తప్పుగా తోచలేదని మాత్రమే. 2023 సెప్టెంబరు 30న లండన్‌లో టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడని కొట్టేశారు. వీఏఆర్ గదిలో ఆటగాడు ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే గుర్తించారు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని 'పరిశీలన పూర్తయింది' అన్నారు. ఆట మొదలైపోయింది, మొదలయ్యాక చట్టం వెనక్కి వెళ్లనివ్వదు. చూపు సరిగ్గానే ఉంది, తెర మీద గీసిన గీతలు సరిగ్గానే ఉన్నాయి, చెడింది మాట. అందుకే ఇప్పుడు సంభాషణ దొరికితే దాన్ని కూడా వినాలి. మైదానంలో ఇచ్చిన నిర్ణయం ఏమిటో ఎవరైనా పైకి చెప్పారా లేదా అన్నది కూడా పనితీరే.

మన దగ్గర జరిగినది ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్‌లో బెంగళూరు జట్టు ఆటగాడు సునీల్ ఛెత్రి వేగంగా ఫ్రీ కిక్ కొట్టాడు. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు ఇంకా బంతికి అడ్డంగా వరుసగా నిలబడి గోడ కట్టనే లేదు. రిఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు, కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. తర్వాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం వేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం 'విజిల్ లేకుండా కొట్టవచ్చా' అని వాదించుకుంటున్నారు. కొట్టవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అసెసర్ అడగవలసిన ప్రశ్న వేరు. విజిల్ కోసం ఆగమని రిఫరీ మాటతోగానీ సైగతోగానీ ముందు చెప్పాడా? డిఫెండర్లకు అలా అనిపించేలా ఏమైనా చేశాడా? గోడను వెనక్కి జరిపే పనిలోకి రిఫరీ దిగాడంటే ఆట ఆగినట్టే, ఆ తర్వాత విజిల్ పడాలి. దిగలేదంటే ఛెత్రికి హక్కుంది. టీవీ బొమ్మ ఒక్కటీ దీనికి పూర్తి జవాబు చెప్పదు.

మన హైదరాబాదు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఆ తర్వాత ఫిఫా రిఫరీగా 1988 ఆసియా కప్‌లో ఈల పట్టాడు, కోచ్‌గానూ పనిచేశాడు. ఆటగాడి వైపు నుంచీ, రిఫరీ వైపు నుంచీ చూసినవాళ్లు చెప్పే తీర్పుకు ఉండే బరువు వేరు. ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ కీలక సంఘటనలను పరిశీలించే సంఘంలో అయిదుగురు సభ్యులుంటే ముగ్గురు మాజీ ఆటగాళ్లు, కోచ్‌లే కావడం నాకు నచ్చుతుంది. నువ్వు కూడా ఆదివారాలు కాలనీ మ్యాచ్‌లకు ఈల పట్టుకుని దిగు. మోకాళ్లు వణికే చోట నిలబడితేనే నివేదికలో నీ మాట తీరు మారుతుంది.

మ్యాచ్ అయ్యాక రిఫరీతో మాట్లాడే అవకాశం వస్తే మొదట నీ అభిప్రాయం చెప్పకు. అరవయ్యో నిమిషంలో మీకేం కనిపించింది అని అడుగు, పూర్తిగా చెప్పనివ్వు. క్లిప్పు ఆ తర్వాతే చూపించు. నివేదికలో 'పక్షపాతం', 'అసమర్థత' అన్న మాటలు ఎన్నడూ వాడకు. అతడి మనసులో ఏముందో నువ్వు చూడలేదు, నిలబడ్డ చోటు మాత్రమే చూశావు. ఈ నెలాఖరులోగా ఒక మ్యాచ్ తీసుకుని, ఈల వేయని సంఘటనలు మాత్రమే రాసి పంపు. చదివి, అంచున నా మాటలు రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న