తండాలో పాము కరిస్తే ఎటు పోవాలి? వానలకు ముందే తేల్చుకోండి

చందంపేట దిక్కు తండా, పాము కరిస్తే దేవరకొండ దాకా పోవుడేనా, పీహెచ్‌సీలో మందు ఉంటదా అని అడిగిన్రు. ఉండాలి. ఎంత ఉందన్నదే అసలు సంగతి. జూన్ మొదట్లోనే ఆశాను, సర్పంచ్‌ను తోలుకొని పోయి పాము విషానికి విరుగుడు మందు (యాంటీ స్నేక్ వీనం) ఎన్ని వైల్స్, అంటే చిన్న సీసాలు, ఉన్నయో, గడువు ఎప్పటిదాకనో, రాత్రి ఎక్కించేటోళ్లు ఉంటరో లేదో కనుక్కోండి. పెద్దలకైనా పిల్లలకైనా మొదటి డోసుకే 8 నుంచి 10 వైల్స్ పడతయి. నాలుగే ఉన్న చోటును మందున్న చోటని లెక్కేయొద్దు. నీళ్ల మందుకు 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్ కావాలి, పొడి మందుకు అక్కర్లేదు. కరెంటు నిలకడ లేని చోటికి పొడి మందే తెప్పించమనండి.

108 తండా లోపలికి వచ్చేదాకా కూసోవద్దు. ఫోన్ చేస్తూనే బైక్ మీద మనిషిని నడుమ కూసోబెట్టి, వెనక ఒకరు పట్టుకొని డాంబర్ రోడ్డుకు ఎదురు పోవాలి. ఏ మూలమలుపు కాడ కలవాలో ముందే ఖాయం చేసుకోండి. కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా కట్టండి. కడియాలు, మట్టెలు తీసేయండి, వాపొస్తే రావు. తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు. పామును చంపి తెచ్చుడు దండగ: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు.

ల్యాబ్ లేదని పంపించేస్తుంటే 20 నిమిషాల పరీక్ష చేయమనండి. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదిలించకుండా ఉంచి, 20 నిమిషాలకు వంచి చూస్తరు. గడ్డ కట్టకుంటే పింజర విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గాజైనా ఫలితం తప్పుతది. లక్షణాలేవీ లేకున్నా 24 గంటలు అక్కడనే ఉంచాలి.

కట్లపాముతోనే ఎక్కువ మోసం. కింద పడుకున్నోళ్లను రాత్రి కరుస్తది, నొప్పుండదు, గాటు కనపడదు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతి అంటే గ్యాస్ గోలీ ఇచ్చి పడుకోబెడతరు. రెప్పలు వాలుతుంటే, ఉమ్మి మింగరాకుంటే అది గ్యాస్ కాదు. ఈ విషానికి రక్త పరీక్ష మామూలుగనే వస్తది, దాన్ని నమ్మి ఇంటికి రావొద్దు. ఊపిరి ఆగే ప్రమాదం ఉంటది కాబట్టి వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికే పోవాలి, దారిలో ఆంబూ బ్యాగ్ (చేత్తో ఒత్తి ఊపిరి ఆడించే సంచి) పట్టే మనిషితో.

మంత్రం వేసే పెద్దమనిషితో కొట్లాడకండి. విషం ఒంట్లోకి ఎక్కని కాట్లు చాలా ఉంటయి, ఆయన పేరు నిలబెట్టేది అవే. "మంత్రం బండిలో వేస్తా, పదండి" అనేటట్టు ముందే ఒప్పించుకోండి.

పీహెచ్‌సీ నుంచి పంపేటప్పుడు చీటీ మీద కరిసిన టైము, ఎక్కించిన వైల్స్, ఎక్కించిన టైము రాయించుకోండి. అది లేకుంటే పెద్దాసుపత్రిలో లెక్క మళ్లీ మొదటికొస్తది.