ఉదయ్‌పూర్‌లో పిచోలా సరస్సు ఒడ్డున ఉండాలని ఉంది, మల్కాజిగిరి ఫ్లాట్ అమ్మేయమంటారా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మావారికి 58 ఏళ్లు, వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు. నాకు 55. కిందటి డిసెంబర్‌లో ఉదయ్‌పూర్ వెళ్లి వారం రోజులున్నాం. సాయంత్రం పిచోలా ఒడ్డున గణగౌర్ ఘాట్ మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఇక్కడే ఉండిపోతే బాగుణ్ణని ఇద్దరికీ అనిపించింది. అక్కడే ఉన్న ఇంకో సరస్సు ఫతేసాగర్ దగ్గర రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ 70 లక్షలకు చూశాం. ఇక్కడి ఫ్లాట్ నా పేరిట ఉంది. 2009 డిసెంబర్‌లో 24 లక్షలకు కొన్నాం, ఇప్పుడు 85 లక్షలు పలుకుతోంది. అద్దెకిస్తే 20 వేలు వస్తుంది. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 48 లక్షలు రావాలి, ఎఫ్‌డీలు 22 లక్షలున్నాయి. నాకు వేరే ఆదాయం లేదు. మావారికి బీపీ, షుగర్ ఉన్నాయి. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. అక్కడి బ్రోకర్ నెలాఖరులోగా 5 లక్షలు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండమ్మా. మల్కాజిగిరి ఫ్లాట్‌ని కూడా ఇప్పుడే బేరానికి పెట్టకండి. ఉదయ్‌పూర్ వెళ్లొద్దని మాత్రం నేను అనను. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవాళ్లు నచ్చిన చోట ఉండాలనుకోవడం అత్యాశేమీ కాదు. నా భయమల్లా మీరు వెళ్లే తీరు గురించే. వెనక్కి రావాల్సి వస్తే రాగలిగేలా వెళ్లాలి.

మీరు అమ్మి, కొని, ఏడాదిన్నరకు అక్కడ కుదరక తిరిగి వచ్చారనుకుందాం. 85 లక్షలకు అమ్మితే లాభం 61 లక్షలు. ఆ లాభాన్ని ఇంకో ఇంటి మీద పెడితే పన్ను ఉండదని బ్రోకర్లు చెప్పే మాట నిజమే. మీరు కొనే 70 లక్షల ఫ్లాట్‌తో ఆ మినహాయింపు పూర్తిగా వస్తుంది. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే ఆ మినహాయింపు మొత్తాన్ని దాని కొన్న ధరలోంచి తీసేస్తారు. అంటే చట్టం లెక్కలో మీ 70 లక్షల ఫ్లాట్ ధర 9 లక్షలే. దాన్ని మళ్లీ అదే 70 లక్షలకు అమ్మినా 61 లక్షల లాభం వచ్చినట్టే. పైగా రెండేళ్లు నిండకుండా అమ్మితే అది స్వల్పకాలిక లాభం, మామూలు శ్లాబుల ప్రకారం పన్ను పడుతుంది. మీకు వేరే ఆదాయం లేకపోయినా, 2025-26 శ్లాబులతో సర్‌చార్జి, సెస్ కలిపితే దాదాపు 16 లక్షలు. రూపాయి లాభం లేకుండా అమ్మిన ఇంటి మీద 16 లక్షల పన్ను! స్టాంప్ డ్యూటీ, బ్రోకరేజీ, సామాన్లు మోయించే ఖర్చు వేరు. ఆ తర్వాత మల్కాజిగిరిలో అలాంటి ఫ్లాట్ మళ్లీ కొనాలంటే అప్పటి ధర ఎంతుంటుందో మీరే ఊహించండి.

అసలు మినహాయింపే వాడుకోకుండా అమ్మితే పన్ను సుమారు 5 లక్షలు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్లకు 12.5 శాతం, లేదా ధరల సూచీ సర్దుబాటుతో (కొన్న ధరను పెరిగిన ధరల మేరకు పెంచి లెక్కించి) 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. మీకు రెండోదే మేలు. 2025-26 సూచీతో మీ 24 లక్షలు దాదాపు 61 లక్షలవుతాయి, 85 లక్షల్లో అవి పోను పన్ను పడేది మిగతా 24 లక్షల మీదే. 16 లక్షలు, 5 లక్షలు, ఈ రెండు అంకెలూ మీవారికి చూపించండి.

ఇక ఊరి సంగతి. మీరు చూసింది డిసెంబర్ ఉదయ్‌పూర్. చలికాలం ఎండ, నిండిన నీళ్లు, సరస్సు మధ్యలోని జగ్ మందిర్ వైపు పడవలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య అక్కడ కొన్ని రోజులు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పిచోలా సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. మహారాణా ఉదయ్‌సింగ్ 1559లో ఆ ఊరికి పునాది వేయకముందే, 14వ శతాబ్దంలో ఒక బంజారా వర్తకుడు కట్టించిన చెరువు అది. మన హుసేన్ సాగర్ లాగే మనుషులు కట్టుకున్న నీళ్లు. వానలు పడితే నిండుతుంది, కరువు ఏళ్లలో అడుగు కనబడేదాకా ఎండిన సందర్భాలున్నాయి. లేక్ వ్యూ పేరుతో అదనంగా అడిగే లక్షలు ఆ వానల మీద ఆధారపడిన దృశ్యానికి. పెళ్లిళ్ల సీజన్లో ఘాట్ల దగ్గర సందుల్లో ఆటో కదలదు. అవన్నీ చూసి, మార్కెట్‌కీ డాక్టర్ దగ్గరికీ తిరిగి, పక్కింటివాళ్లతో మాట్లాడి, అప్పటికీ ఉండాలనిపిస్తే అది నిజమైన ఇష్టం. హైదరాబాద్ వాళ్లకు హిందీ ఇబ్బంది లేదు, అదొక ధైర్యం.

అందుకే ఏప్రిల్‌లోనే వెళ్లమంటాను. రిటైర్మెంట్ మార్చిలో కాబట్టి సరిగ్గా కుదురుతుంది. ముందు ఎండాకాలం, తర్వాత వాన, ఆ తర్వాత మీకు నచ్చిన చలికాలం. ఫర్నిచర్‌తో ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి, సామాన్లు మోయించకండి. మీ ఫ్లాట్‌లో ఒక గదిలో సామాను పెట్టి తాళం వేసి, మిగతాది 11 నెలల అగ్రిమెంట్‌తో ఇవ్వండి. అక్కడా 11 నెలలే రాయించుకోండి, రెండూ ఒకే నెలలో ముగియాలి. గది తగ్గినందుకు అద్దె 18 వేలే వచ్చి, అందులో మెయింటెనెన్స్, ఆస్తి పన్ను పోను 15 వేలు మిగిలి, అక్కడ 25 వేలు కట్టారనుకుంటే నెలకు 10 వేలు చేతినుంచి పడుతుంది. 11 నెలలకు 1 లక్ష 10 వేలు. రానుపోను విమానాలకు ఇంకో 60 వేలు. మొత్తం లక్షా 70 వేలు. 16 లక్షల పక్కన ఇది పెద్ద ఖర్చు కాదు.

నాకు ఇంతకన్నా టెన్షన్ పెట్టే విషయం మీవారి బీపీ, షుగర్. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. ఇద్దరికీ సొంత హెల్త్ పాలసీ మార్చికి ముందే, అంటే ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా 3 ఏళ్లు ఉండొచ్చు, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. బీపీ, షుగర్ సంగతి దాచకుండా రాయండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఇంకొక మెలిక: కొన్ని పాలసీల్లో ప్రీమియం ఊరిని బట్టి ఉంటుంది. చిన్న నగరం అడ్రస్‌తో తీసుకుని పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత మీరే కట్టాల్సి వస్తుంది. గుండెకో మరోదానికో మీరు హైదరాబాద్‌కే పరుగెత్తుకొస్తారు కదా. కాబట్టి హైదరాబాద్ అడ్రస్‌తోనే తీసుకోండి, ఆ షరతు ఉందేమో చదివించుకోండి.

నెల ఖర్చులకు ప్రభుత్వం నడిపే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 55 నుంచి 60 ఏళ్ల మధ్య రిటైర్ అయినవాళ్లు డబ్బు చేతికొచ్చిన 3 నెలల్లోగా చేరవచ్చు, ఆ గడువు దాటనివ్వకండి. గరిష్ఠ పరిమితి 30 లక్షలు పెడితే ఇప్పటి 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తుంది. ఎఫ్‌డీల్లో 10 లక్షలు వైద్యానికని విడిగా ఉంచి ముట్టుకోకండి. మిగతా డబ్బు గురించి వివరంగా ఇంకోసారి రాయండి, అది తొందర పడే పని కాదు.

ఏడాది తర్వాత కూడా అక్కడే ఉండాలనుకుంటే అప్పుడు కొనండి, మీ పేరిటే. పాత ఫ్లాట్ మీదే కనుక పన్ను మినహాయింపులో పేచీ రాదు, రాజస్థాన్‌లో ఆడవాళ్ల పేరిట రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ కూడా తక్కువ. చెరువు పక్క స్థలం అంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ చూసుకోవాలని మనకు చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక బాగా తెలిసింది. అక్కడి చెరువుల చుట్టూ కూడా కట్టడాల మీద ఆంక్షలున్నాయి. పట్టా, అనుమతి పొందిన ప్లాన్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ మూడూ అక్కడి లాయర్‌కు చూపించాకే డబ్బు కదపాలి. పాతూళ్లో హవేలీ అమ్ముతామని ఎవరైనా వస్తే వారసులందరి సంతకాలూ అడగండి.

బ్రోకర్‌కు ఈ రోజే ఫోన్ చేసి, ఏప్రిల్‌లో అద్దె ఇల్లు కావాలని చెప్పండి. ఫతేసాగర్ దగ్గరే, కింది అంతస్తు అయితే మీవారికి మెట్ల ఇబ్బంది ఉండదు.