ఊరు కనిపిస్తున్నా విమానం ఎందుకు దింపరు? జయపురం దారిలో మబ్బుల లెక్క

వైజాగ్ నుంచి ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం వెళ్తుంటే కింద ఊరు కనిపించిందని, అయినా విమానాన్ని వెనక్కి తిప్పేశారని, విజువల్ అప్రోచ్ అంటే కళ్లతో చూసి దింపడమే అయితే ఇంకేం కావాలని అడిగారు. నేను జయపురం తెలుగువాణ్ణే. ఆ రూట్‌లో తొమ్మిది సీట్ల చిన్న విమానం కారవాన్‌కి కో-పైలట్‌గా చేశాను. పైనుంచి ఊరు కనిపించడం వేరండీ, మబ్బు కిందికి చేరే దారి ఉండటం వేరు.

ఐఎఫ్ఆర్‌లో, అంటే పరికరాల మీద వస్తున్న విమానం, నేలా రన్‌వే కనిపించాక మిగతా దూరం చూసుకుంటూ దిగితే దాన్ని విజువల్ అప్రోచ్ అంటాం. వైజాగ్‌లో అలా దిగుతుంటే మబ్బు అడ్డొచ్చిందనుకోండి, కంట్రోలర్‌కి చెప్పి పైకి లేచి, ఐఎల్ఎస్ మీద, అంటే రన్‌వే దాకా దారి చూపే రేడియో సిగ్నల్ పట్టుకుని మళ్లీ వస్తాం. నేను ఎగిరిన రోజుల్లో జయపురానికి వీఎఫ్ఆర్, అంటే బయటికి చూసుకుంటూ ఎగిరే పద్ధతికి లైసెన్స్ మాత్రమే ఉండేది. అక్కడ మొదటి నుంచి చివరి దాకా కళ్లే దిక్కు. వీఎఫ్ఆర్‌లో దిగాలంటే మామూలుగా చూసే లెక్క, సగానికి మించి ఆకాశం కప్పిన మబ్బు కనీసం 1,500 అడుగుల ఎత్తున ఉండాలి, చూపు 5 కిలోమీటర్లు ఆనాలి.

అసలు పేచీ ఆ 1,500 దగ్గరే. అది రన్‌వే నుంచి కొలిచిన ఎత్తు. జయపురం సముద్ర మట్టానికి దాదాపు 2,000 అడుగుల మీద ఉంది కాబట్టి సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో మబ్బు అడుగుభాగం 3,500 అడుగుల దగ్గర వస్తుంది. వైజాగ్ నుంచి వచ్చేవాళ్లు దాటాల్సిన కోరాపుట్ నేలే దాదాపు 2,900 అడుగులు. చుట్టుపక్కల కొండలు ఇంకా ఎత్తు. ఆ జిల్లాలోనే ఉన్న దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు. జయపురంలో వాతావరణం రూల్ ప్రకారం బాగానే ఉంటుంది, దారిలోని ఘాట్ మీద మాత్రం కొండా మబ్బూ కలిసిపోయి ఉంటాయి. కింద నుంచి రాలేం కాబట్టి మబ్బు మీదుగానే వస్తాం. తీరా ఊరి మీదికొచ్చాక దిగడానికి సందు కావాలి.

ఒక జూలైలో సరిగ్గా ఇదే జరిగింది. ఎడమ రెక్క కింద మబ్బు చీలి జయపురం చెరువు జగన్నాథ సాగర్ నీళ్లు, గట్టు, పక్కన తడి రోడ్డు కూడా కనిపించాయి. కారవాన్‌లో కాక్‌పిట్‌కీ సీట్లకీ పెద్ద అడ్డేమీ ఉండదు. వెనక నుంచి ఓ పెద్దాయన, "ఏటి బాబూ, చెరువు అవుపిస్తంది కదా, దింపీరాదేటి?" అన్నాడు. కెప్టెన్ ఒక చుట్టు తిప్పేలోపు ఆ చీలిక చెరువు మీంచి జరిగిపోయింది. "వైజాగ్‌కి పోదాం" అన్నారాయన. పెద్దాయన దిగేదాకా మాతో మాట్లాడలేదు!

సందు ఎప్పుడూ నిటారుగా చూస్తేనే కనిపిస్తుంది. దిగేది మాత్రం 3 డిగ్రీల వాలులో, అంటే 5 నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్ల) దూరాన దాదాపు 1,600 అడుగుల ఎత్తు. అంత ఏటవాలుగా చూస్తే చెదురు మబ్బులు కూడా ఒకదాని వెనక ఒకటి చేరి గోడ కడతాయి. పోనీ సందులోంచి గిరగిరా తిరుగుతూ దూకేద్దామా అంటే స్పీడ్ పెరిగిపోతుంది, మధ్యలో సందు మూసుకుంటే చుట్టూ కొండలు. 500 అడుగుల లోపు స్పీడ్, వాలు కుదురుకోకపోతే ఎలాగూ గో-అరౌండే, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేవాల్సిందే. అలా దూకే కెప్టెన్‌తో నేనైతే ఎక్కను.

వానాకాలం పొద్దున ఫ్లైట్ లేటయితే దాని వెనక కూడా లెక్క ఉంటుంది. ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రతకీ) మధ్య ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి మబ్బు అడుగుభాగం సుమారు 400 అడుగులు లేస్తుంది. ఉష్ణోగ్రత 24, డ్యూ పాయింట్ 22 ఉంటే 800 అడుగులు, ఎండ తగిలి ఉష్ణోగ్రత 27 అయితే 2,000. అందుకే రెండు గంటలు ఆగమంటే టెన్షన్ పడకండి, వెళ్లే అవకాశం ఉందనే అర్థం.

జూలై, ఆగస్టుల్లో పెళ్లో, ఆస్పత్రి పనో ఉంటే మాత్రం అరకు మీదుగా వెళ్లే కిరండూల్ లైన్ రైలుకే టికెట్ తీసుకోండి. మా ఇంట్లోవాళ్లకీ అదే చెప్తాను.