గుణుపురం పెళ్లి లైవ్ పెట్టే ముందు ఇది చదువుకో

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. గుణుపురం పెళ్లికి యూట్యూబ్ లైవ్ ఒప్పుకున్నావు, సంతోషం. ఫోర్‌కే కెమెరా అద్దెకి తెమ్మంటావా మామయ్యా అని అడిగావు కదా, కెమెరా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పెళ్లి ఎవరెవరు ఎక్కడ కూర్చుని చూస్తారో పెళ్లివారిని అడిగి కనుక్కో. సూరత్‌లో మేనత్త ఉంటుంది, హైదరాబాద్‌లో కొడుకు దగ్గర తాత ఉంటాడు, సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన ఊళ్లో చిన్నాన్న ఉంటాడు, వీళ్ల ఫోన్లదాకా ఏది చేరితే అదేరా నీ క్వాలిటీ. ఇది నేను ఎలా తెలుసుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు.

యూట్యూబ్ 2005లో వచ్చింది, పర్లాకిమిడిలో మన స్టూడియోకి నేను నెట్ పెట్టించింది ఆ తర్వాత రెండేళ్లకి. అప్పట్లో 256 కేబీపీఎస్ ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. అంటే ఎనిమిది బిట్లకో బైట్ లెక్కన సెకనుకి 32 కేబీ, అదీ లైన్ సరిగ్గా ఉన్నరోజు. బొమ్మ సైజు 320 బై 240 చుక్కలు, ఫుల్‌స్క్రీన్ చేస్తే పెళ్లికూతురి మొహం అంతా అలుక్కుపోయినట్టుండేది. ప్లే నొక్కడం, వెంటనే పాజ్ చేయడం, లోడయ్యే గీత చివరిదాకా పాకేలోపు టీ తాగొచ్చి అప్పుడు కూర్చుని చూడడం, అదీ మా పద్ధతి. 2008లో హై క్వాలిటీ అని మొదలై ఆ ఏడాది చివరికి 720 హెచ్‌డీ, అంటే నిలువుగా 720 చుక్కల బొమ్మ, వచ్చేసింది, 2009 నవంబర్లో 1080. లింక్ చివర ఎఫ్‌ఎంటీ ఈక్వల్‌టు 18 అని తగిలిస్తే కాస్త మంచి బొమ్మ, 22 అని తగిలిస్తే నేరుగా హెచ్‌డీ వచ్చేది, ఆ కిటుకు తెలిసినవాళ్లు మన వైపు ఇద్దరో ముగ్గురో ఉండేవారు అంతే.

2009లో ఒక పెళ్లి చేశాను. పెళ్లికూతురి అన్న మస్కట్‌లో పనిలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. అప్పుడే కొత్తగా హెచ్‌డీ కెమెరా కొన్నాను నేను, మోజు మీద ఉన్నాను. అప్పట్లో ఒక్కో వీడియో పది నిమిషాలు దాటకూడదు కాబట్టి పెళ్లంతా ముక్కలు కోసి రాత్రి రెండు తర్వాత కూర్చుని ఒక్కో ముక్కా ఎక్కించాను, ఒక్కోదానికి గంటన్నర రెండు గంటలు, మధ్యలో లైన్ పోతే మళ్లీ మొదట్నుంచి. అంతా ఎక్కాక లింకులు పంపాను, ప్రతిదానికీ చివర 22 తగిలించి మరీ. ఆ అబ్బాయి ఉండే రూంలో ఎనిమిది మంది కలిసి ఒకటే కనెక్షన్ వాడుకుంటున్నారని నేను అడగనూ లేదు, నాకు తెలియనూ తెలియదు. మూడోరోజు ఫోన్ చేసి "అన్నా, తాళి కట్టే దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతంది, ఎన్నిసార్లు పెట్టినా ఆ గుండ్రమే తిరుగుతంది" అన్నాడు. ఆ 22 తీసేసి మామూలు లింక్ పంపితే ఐదు నిమిషాల్లో చూసేశాడు. చూసి ఏడ్చాడు. తప్పు పూర్తిగా నాదే, నా కెమెరా గొప్ప అతనికి చూపించాలనుకున్నాను గానీ అతని చెల్లెలి పెళ్లి చూపించాలనుకోలేదు.

ఇంకోటి గుర్తుపెట్టుకో, లైవ్‌లో బొమ్మ మొత్తం ప్రతిసారీ వెళ్లదు. ఒక ఫ్రేమ్ పూర్తిగా వెళ్తుంది, ఆ తర్వాతవన్నీ ఏం మారిందో అంతవరకే. పందిరి, అరటిబోదెలు, పీటలు కదలవు కాబట్టి వాటికి డేటా ఖర్చు తక్కువ. తలంబ్రాల దగ్గర చూడు, ఒక్కో బియ్యపు గింజా ఎగురుతుంటుంది, ముత్యాలు, థర్మకోల్ గుళ్లు, వెనకాల పిల్లలు గోలగోలగా లేవడం, పైన ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ ఒకటి, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ అంతా కొత్తే. దానికి తోడు నువ్వు కెమెరా చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగావనుకో, సరిగ్గా అందరూ ఎదురుచూసే ఆ నిమిషంలోనే బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. అందుకని స్టాండ్ వేసి, ఇద్దరి మొహాలూ పట్టేలా ఫ్రేమ్ పెట్టి, అక్కడ మాత్రం కెమెరా ముట్టుకోకు. జూమ్ అసలొద్దు.

ఇప్పుడు మీకున్న సుఖం ఏంటంటే వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనీ నాలుగైదు క్వాలిటీల్లో ఉంచుతారు, చూసేవాడి నెట్‌ని బట్టి ప్లేయరే ఏది కావాలో అది తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2008లో, ఆపిల్ వాళ్లు 2009లో ఇలాంటివి తెచ్చారు, మస్కట్ అబ్బాయికి అది అందుంటే నేను ఎంత తెలివితక్కువ పని చేసినా పెళ్లి ఆగకుండా కనపడేది. కానీ ఆ ముక్కలన్నీ తయారయ్యేది నువ్వు పంపినదాంట్లోంచే. నీ దగ్గరే అప్‌లోడ్ తెగిపోతే అందరికీ ఒకేసారి పోతుంది.

కాబట్టి మండపం దగ్గరికి వెళ్లి అప్‌లోడ్ స్పీడ్ చూడు, డౌన్‌లోడ్ చూసి మోసపోకు. పొద్దున కాదు, ముహూర్తం ఏ టైమ్‌కో ఆ టైమ్‌కే చూడు, జనం ఉన్నప్పుడు టవర్ మీద లోడ్ వేరేగా ఉంటుంది. వచ్చినదాంట్లో సగమే వాడు. 8 ఎంబీపీఎస్ వస్తే 720కి 4 పెట్టుకో, కీఫ్రేమ్, అంటే ఇందాక చెప్పిన పూర్తిగా వెళ్లే ఫ్రేమ్, రెండు సెకన్లకి ఒకటి. 4 కూడా రాకపోతే 480కి దిగిపో, ఏం సిగ్గు లేదు. ఫోర్‌కే మాట మర్చిపో. నీ ఛానల్‌లో ఇంతకుముందు లైవ్ పెట్టలేదు కాబట్టి ఆ ఆప్షన్ ఇప్పుడే ఆన్ చెయ్యి, మొదటిసారి 24 గంటలదాకా పట్టొచ్చు, పెళ్లిరోజు పొద్దున ఆన్ చేద్దామనుకుంటే దెబ్బతింటావు.

సౌండ్ మీద మాత్రం నిర్లక్ష్యం చేయకు. బొమ్మ కాస్త మసకైనా సర్దుకుంటారు, పంతులుగారి మంత్రం తెగితెగి వస్తే కట్టేసి వెళ్లిపోతారు. మైక్‌సెట్ వాళ్ల మిక్సర్ నుంచి లైన్ తీసుకో, సన్నాయి కెమెరా మైక్‌లోంచి వస్తే చెవులు గీరినట్టుంటుంది. డీజే పాటలు మొదలయ్యాక లైవ్ ఆపేయడమే మంచిది, కాపీరైట్ పడితే మొత్తం పోవచ్చు. కెమెరాలో కార్డు మీద రికార్డింగ్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి, రౌటర్‌కి ఇన్వర్టర్ నుంచి కరెంటు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలో కరెంటూ సిగ్నలూ లేకుండా ఎలా ఉన్నామో నీకు గుర్తుండే ఉంటుంది, కాబట్టి రెండు వేరే కంపెనీల సిమ్‌లు పెట్టుకో.

పెళ్లికి రెండు రోజుల ముందు మండపంలోంచి ఒక అరగంట ఊరికే టెస్ట్ లైవ్ పెట్టి లింక్ నాకు పంపు, అందరికీ కనపడకుండా పెట్టు. మీ అత్త పాత ఫోన్‌లో వంటింట్లో కూర్చుని చూస్తాను, అక్కడ సిగ్నల్ ఒక్క గీతే. ఎక్కడ ఆగితే అక్కడ ఫోన్ చేసి చెప్తాను.

మామయ్య